మూడు నిమిషాల్లో ముఖ్యమైన మాట: ప్రెజెంటేషన్ కళలో పై మెట్లు



నలుగురిలో నోరు విప్పడానికి భయపడేవారు మన కుటుంబాల్లో ఇప్పుడు తక్కువే. ఆఫీసులో వారం వారం ప్రెజెంటేషన్లు ఇచ్చేవారున్నారు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవారున్నారు, రోజంతా పేషెంట్లకు ఓపిగ్గా వివరించే డాక్టర్లున్నారు. మన పిల్లలైతే ఎలిమెంటరీ స్కూల్లోనే క్లాసు ముందు నిలబడి మాట్లాడటం మొదలుపెడుతున్నారు. అయినా భోజనాల దగ్గర ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "పనంతా నేనే చేశానండీ. కానీ దాన్ని పైవాళ్లకు చక్కగా చెప్పినవాడికి ప్రమోషన్ వచ్చింది."

ఇది ఒకరి బాధ మాత్రమే కాదు. గుడికి కూడా ఇలాంటి సందర్భాలు వస్తుంటాయి. పార్కింగ్ పెంచాలన్నా, కొత్త హాలు కట్టాలన్నా అమెరికాలో చాలా ఊళ్లలో ప్లానింగ్ కమిషన్ ముందు పబ్లిక్ హియరింగ్ జరుగుతుంది. అక్కడ మాట్లాడేవారికి సాధారణంగా ఇచ్చే సమయం మూడు నిమిషాలు. స్కూలు పిల్లలు బస్సులో గుడి చూడటానికి వస్తే వాళ్లకు వివరించడానికి దొరికేది పావుగంటో, అరగంటో. జనరల్ బాడీ సమావేశంలో లెక్కలు చెప్పే కోశాధికారికి పది నిమిషాలు దాటితే వెనక వరుసలు ఖాళీ అవుతాయి. ఈ మూడు చోట్లా ఏం చెప్పామన్నదానితో పాటు వాళ్లకు ఏం చేరిందన్నది కూడా ముఖ్యమే.

భయం పోగొట్టుకోవడం, కళ్లలోకి చూసి మాట్లాడటం, చేతులు కట్టుకోకుండా నిలబడటం వంటి మొదటి పాఠాలు మీకు తెలిసినవే. ఆ పై మెట్ల గురించి ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

బాగా తెలిసినవారికి ఉండే చిక్కు

1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేశారు. కొందరిని తెలిసిన పాటలు మనసులో అనుకుంటూ, వాటి తాళాన్ని బల్ల మీద వేళ్లతో కొట్టమన్నారు. ఎదుటివారు అది విని ఏ పాటో చెప్పాలి. కొట్టేవారు సగం పాటలైనా గుర్తుపడతారని ధీమాగా అనుకున్నారు. 120 పాటల్లో ఎదుటివారు గుర్తుపట్టినవి 3 మాత్రమే.

ఈ ఆట ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి. మీకు బాగా తెలిసిన సినిమా పాట ఒకటి బల్ల మీద కొట్టండి. మీ చెవిలో వాయిద్యాలతో సహా పాటంతా మోగుతూ ఉంటుంది. ఎదుటివారికి వినిపించేది టక్ టక్ మాత్రమే. "ఇంత సులువైన పాట కూడా తెలియదా?" అని మీకు విసుగు కూడా వస్తుంది.

ఒక విషయంలో పదేళ్లు, ఇరవయ్యేళ్లు పని చేసినవారి ప్రెజెంటేషన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాళ్ల తలలో మొత్తం పాట మోగుతుంటుంది. వినేవారికి అందేవి పొడి అక్షరాల సంక్షేపాలు, విడివిడి అంకెలు. చెప్పేవారు ఎంత నిపుణులైతే ఈ చిక్కు అంత పెద్దది.

దీనికి విరుగుడు ఉంది. మీ రంగంతో సంబంధం లేని ఒకరిని ఎంచుకోండి. మీ భార్యో, భర్తో, పక్కింటి బాబాయిగారో, హైస్కూల్లో చదివే కూతురో ఎవరైనా ఫరవాలేదు. రెండు నిమిషాల్లో విషయం చెప్పండి. "అర్థమైందా?" అని అడగకండి, మర్యాదకు అందరూ అయిందనే అంటారు. "నేను చెప్పింది నువ్వు నాకు తిరిగి చెప్పు" అనండి. వాళ్లు ఎక్కడ తడబడతారో మీ వివరణకు అక్కడ మరమ్మతు కావాలి.

విన్నవారు లేచాక ఏం చేయాలి?

ప్రెజెంటేషన్ తయారు చేయడానికి చాలామంది ముందు కంప్యూటర్ తెరిచి మొదటి స్లయిడ్ మీద పేరు రాస్తారు. దానికన్నా ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ వాక్యం పూర్తి చేయండి: "నా మాట విన్న తర్వాత వీళ్లు ఫలానా పని చేయాలి."

"మా ప్రాజెక్టు గురించి వాళ్లు తెలుసుకోవాలి" అని రాస్తే సరిపోదు. ఎంత తెలుసుకోవాలి? తెలుసుకుని ఏం చేయాలి? "ఇంకో ఇద్దరు ఇంజినీర్లను ఇవ్వడానికి మేనేజర్ ఒప్పుకోవాలి", "కమిషన్ సభ్యులు పార్కింగ్ విస్తరణకు ఓటు వేయాలి", "ఐదో తరగతి పిల్లలు ఇంటికి వెళ్లి గుడిలో చూసినవి మూడు విషయాలు అమ్మానాన్నలకు చెప్పగలగాలి" అని రాస్తే అది గమ్యం. గమ్యం తేలితే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో సులువుగా తెలుస్తుంది. ఆ పనికి ఉపయోగపడని స్లయిడ్ ఎంత అందంగా ఉన్నా తీసేయవలసిందే. దాని మీద రెండు రాత్రులు కూర్చున్నా సరే.

అసలు మాట ముందు

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మన సంభాషణ తీరు కూడా చాలాసార్లు అలాగే నడుస్తుంది. ముందు పరిస్థితి, తర్వాత కారణాలు, ఎదురైన ఇబ్బందులు, అన్నీ అయ్యాక అసలు సంగతి. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వెళ్లినవారు వర్షాల గురించి, ప్రయాణం గురించి మాట్లాడాకే విషయానికి వస్తారు. అది మర్యాద. కానీ ఇక్కడి ఆఫీసు మీటింగులో, హియరింగులో వినేవారు మొదటి నిమిషంలోనే "ఈయన ఏమడుగుతున్నారు?" అని చూస్తారు. అది దొరక్కపోతే తర్వాత వినే ప్రతి వివరాన్నీ ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలియదు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. లంక నుంచి తిరిగి వచ్చిన హనుమంతుడు సముద్రం ఎలా దాటాడో, మధ్యలో ఎవరెవరు అడ్డుపడ్డారో చెప్పడంతో మొదలుపెట్టలేదు. సీతమ్మ కనిపించిందన్న కబురు ముందు చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్న వానరులకు అది అందాక మిగతా కథంతా తీరిగ్గా వినే ఓపిక వచ్చింది. ప్రవచనాల్లో పెద్దలు ఈ ఘట్టాన్ని మాటనేర్పుకు ఉదాహరణగా చెప్పడం మనలో చాలామంది విన్నాం. సోమవారం ఉదయం మీటింగులో దాన్ని పాటించడమే మిగిలింది.

మీరు చెప్పాలనుకున్నదంతా రాసుకుని, చివరి పేరా తీసి మొదట పెట్టి చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు అలాగే బాగుంటుంది.

హియరింగ్‌లో మూడు నిమిషాలు

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే సమయం తప్పించుకోలేని చోటు ఇదే. ఇంగ్లీషులో మామూలు వేగంతో మాట్లాడితే నిమిషానికి సుమారు 130 నుంచి 150 మాటలు వస్తాయి. మూడు నిమిషాలంటే 400 మాటలు, ఒక పేజీకి కొంచెం ఎక్కువ. గంట మోగాక మైకు ఆపేస్తే మీ ముఖ్యమైన మాట గొంతులోనే ఉండిపోతుంది.

ఎదురుగా కూర్చున్న కమిషన్ సభ్యులు చాలా ఊళ్లలో జీతం లేకుండా పని చేసే స్థానికులే. పొద్దున్నంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి కూర్చుంటారు. వాళ్లు చూడవలసినవి ట్రాఫిక్, పార్కింగ్, శబ్దం, దీపాల వెలుతురు, వర్షపు నీరు ఎటు పోతుంది, చుట్టుపక్కల ఇళ్లకు ఇబ్బంది ఉంటుందా వంటి విషయాలు. మనవాళ్లు లేచి మన ధర్మం ఎంత ప్రాచీనమో, గుడి మనకు ఎంత ముఖ్యమో చెబితే సభ్యులు మర్యాదగా తల ఊపుతారు. కానీ ఓటు వేయడానికి వాళ్లకు కావలసిన సమాచారం అందులో ఉండదు. ప్రార్థనా స్థలాల హక్కులను కాపాడే ఫెడరల్ చట్టం 2000 సంవత్సరం నుంచి ఉన్న మాట నిజమే. దాన్ని ఎప్పుడు ఎత్తాలో లాయరు గారు చూసుకుంటారు. పొరుగువారిగా మాట్లాడటానికి లేచినప్పుడు మొదటి వాక్యంలోనే చట్టం పేరెత్తితే గొడవకు వచ్చినట్టు ఉంటుంది.

ఉదాహరణకు ఒక ఊహా సందర్భం తీసుకుందాం. పండుగ రోజుల్లో కార్లు వీధిలోకి వస్తున్నాయి. గుడి వెనక ఖాళీ స్థలంలో 60 కార్లకు చోటు కావాలి. మాట్లాడేవారు ఇలా చెప్పవచ్చు:

"అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం. నేను ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. గుడి వెనక స్థలంలో 60 కార్ల పార్కింగుకు అనుమతి ఇవ్వమని కోరుతున్నాను. కారణం ఒక్కటే: పండుగ రోజుల్లో మా కార్లు మీ వీధుల్లో నిలబడకూడదు. పోయిన నెల మేము చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి మాట్లాడాం. వాళ్లు రెండు సంగతులు అడిగారు. ఒకటి, రాత్రిపూట లైట్లు కిటికీల్లో పడతాయేమోనని. లైట్లు కిందికే వెలుగు పడేలా పెట్టి, తొమ్మిదిన్నరకు ఆపేస్తాం. రెండోది, వాన నీళ్లు. మా ఇంజినీరు గీసిన డ్రైనేజీ ప్లాను మీ ముందున్న నాలుగో పేజీలో ఉంది. వీధిలో కార్లు తగ్గితే మాకూ, మా పొరుగువారికీ ఇద్దరికీ మేలు. 60 స్థలాలకు అనుమతి ఇవ్వమని మళ్లీ కోరుతున్నాను."

ఇది చదవడానికి ఒక నిమిషమే పడుతుంది. ఏం కావాలో రెండో వాక్యం దాటగానే తెలిసిపోయింది. పొరుగువారి అభ్యంతరాలను వాళ్లు లేవకముందే మనమే గౌరవంగా చెప్పి, ఒక్కొక్కదానికి జవాబిచ్చాం. చివర అడిగినదాన్నే మళ్లీ అడిగాం. మిగిలిన రెండు నిమిషాల్లో ఒక్క అనుభవం చెప్పవచ్చు, లేదా తొందరగా ముగించి కూర్చోవచ్చు. సమయం మిగిల్చిన వక్తను ఏ కమిషనూ నిందించదు.

పది మంది మాట్లాడటానికి వెళ్తే పది మందీ ఒకే మాట చెప్పకూడదు. ఒకరు ట్రాఫిక్, ఇంకొకరు వర్షపు నీరు, ఒక హైస్కూలు విద్యార్థి తను గుడిలో చేసే వాలంటీర్ సేవ, పొరుగున ఉండే మనవాళ్లు కాని ఒకరు ఇరుగుపొరుగు సంబంధాలు, ఇలా ముందే పంచుకోవాలి. మిగతావారు లేచి నిలబడి మద్దతు తెలిపితే చాలు.

స్లయిడ్ మీద చిన్న అక్షరాల్లో ఉండిపోయిన నిజం

2003 ఫిబ్రవరి 1న కొలంబియా స్పేస్ షటిల్ భూమికి తిరిగి వస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ రోజు మన ఇళ్లలో ఎంతమంది టీవీ ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారో గుర్తుండే ఉంటుంది. జనవరి 16న షటిల్ పైకి లేచిన కాసేపటికే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా ఆకాశంలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు ఆ దెబ్బ ఎంత ప్రమాదమో అంచనా వేసి నాసా అధికారులకు స్లయిడ్లు చూపించారు.

తర్వాత ప్రమాద విచారణ బోర్డు తన నివేదికలో వాటిలో ఒక స్లయిడ్‌ను ప్రత్యేకంగా పరిశీలించింది. సమాచారాన్ని చూపించే పద్ధతులలో నిపుణుడైన ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషణను అందులో చేర్చింది. స్లయిడ్ పై భాగంలో పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షిక ధైర్యం చెబుతున్నట్టు ఉంది. దాని కింద ఒకదాని లోపల ఒకటిగా బులెట్ పాయింట్లు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అట్టడుగున ఉంది: పరీక్షల్లో వాడిన ఫోమ్ ముక్క 3 ఘనపుటంగుళాలైతే, అసలు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు. పరీక్షల ఫలితాలు ఈ దెబ్బకు వర్తించవన్న మాట అది. కానీ పై నుంచి చదువుకుంటూ వచ్చినవారికి "ఫరవాలేదు" అన్న భావమే మిగిలింది.

ప్రమాదానికి ఒక్క స్లయిడే కారణమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. నిర్ణయాలు తీసుకునే తీరులో ఎన్నో లోపాలను ఆ బోర్డు ఎత్తి చూపింది. అయితే తెలిసిన నిజం కాగితం మీద ఉన్నా, దాని చోటు తప్పితే అది చేరవలసినవారికి చేరదన్న పాఠం ఇందులో ఉంది. మన ఆఫీసుల్లో స్లయిడ్లు ప్రాణాల మీదికి రాకపోవచ్చు. ఆస్పత్రుల్లో, మందుల కంపెనీల్లో, వంతెనలు కట్టే సంస్థల్లో పని చేసే మనవాళ్లకు మాత్రం ఇది దూరపు మాట కాదు.

స్లయిడ్ల విషయంలో మూడు అలవాట్లు చేసుకోండి.

మొదటిది, శీర్షికను పూర్తి వాక్యంగా రాయండి. "పరీక్షల వివరాలు" అన్నది శీర్షిక కాదు, డబ్బా మీద అంటించిన చీటీ. "మన పరీక్షలు ఈ పరిస్థితికి సరిపోవు" అని రాస్తే అది మాట. శీర్షికలు మాత్రమే వరసగా చదివితే మీ వాదన మొత్తం అర్థం కావాలి.

రెండోది, స్లయిడ్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించకండి. మనిషి ఒకే వాక్యాన్ని తన వేగంతో కళ్లతో చదువుతూ, మరో వేగంతో చెవితో వింటే రెండూ ఢీకొంటాయి. స్లయిడ్ మీద బొమ్మో, పటమో, ఒక వాక్యమో ఉంచి మిగతాది నోటితో చెప్పండి. పూర్తి వివరాలు కావలసినవారికి విడిగా కాగితం ఇవ్వండి.

మూడోది, గ్రాఫ్ చూపించగానే ఫలితం చెప్పకండి. ముందు అడ్డగీత దేన్ని చూపుతోంది, నిలువు గీత దేన్ని చూపుతోంది, ఒక్కొక్క చుక్క అంటే ఏమిటి చెప్పండి. స్వీడన్ డాక్టరు హాన్స్ రోస్లింగ్ 2006లో టెడ్ వేదిక మీద ప్రపంచ దేశాల లెక్కలు చూపించినప్పుడు చేసింది ఇదే. ఒక వైపు కుటుంబంలో పిల్లల సంఖ్య, ఇంకో వైపు ఆయుర్దాయం, ఒక్కో బుడగ ఒక్కో దేశం అని చెప్పాకే బుడగలను కదిలించారు. తర్వాత ఆయన క్రికెట్ కామెంటరీ చెప్పినంత ఉత్సాహంగా చెబుతుంటే సభంతా ఆయన వెంట నడిచింది. మన కోశాధికారి గారు కూడా "ఈ నీలం గడి అన్నదానం ఖర్చు, ఈ పసుపు గడి భవనం లోను" అని ముందు చెప్పి, తర్వాత "ఈ ఏడాది పసుపు ఎందుకు పెరిగిందంటే" అని మొదలుపెడితే లెక్కలు కథలా సాగుతాయి.

చూపించగలిగితే చూపించండి

1986 జనవరిలో చాలెంజర్ షటిల్ పేలిపోయినప్పుడు విచారణ సంఘంలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక సభ్యుడు. చలికి రబ్బరు వలయాలు బిగుసుకుపోయి సందు మూయలేకపోయాయా అన్నది ప్రశ్న. ఫిబ్రవరి 11న టీవీ కెమెరాల ముందు ఆయన ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో నొక్కిపెట్టి, తన ముందున్న ఐసు నీళ్ల గ్లాసులో ముంచారు. బయటకు తీసి బిగింపు వదిలితే రబ్బరు వెంటనే పూర్వరూపానికి రాలేదు. ఎన్నో పేజీల సాంకేతిక చర్చ ఒక గ్లాసు నీళ్లలో తేటతెల్లమైంది.

గుడి చూడటానికి వచ్చిన స్కూలు పిల్లలకు కూడా ఇదే మార్గం. గంట ఎందుకు కొడతామో నాలుగు వాక్యాలు చెప్పేకన్నా ఒక పిల్లవాడి చేత గంట కొట్టించి, మోత పూర్తిగా ఆగేదాకా కళ్లు మూసుకుని వినమనండి. "అంతసేపు మీ మనసులో ఇంకేమైనా ఆలోచన వచ్చిందా?" అని అడగండి. వివరణ సగం అయిపోయినట్టే.

పిట్టకథ ఎందుకు, ఎంత?

మన దగ్గర ప్రెజెంటేషన్ అన్న మాట లేదు గానీ, వేలమందిని రాత్రంతా కూర్చోబెట్టిన కళలున్నాయి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) ఒక్కరే పాట, మాట, అభినయం, చమత్కారం కలిపి సభను నడిపేవారు. హరికథలో పిట్టకథ వస్తుంది, నవ్విస్తుంది, కానీ తిరిగి అసలు కథలోకే చేరుతుంది. పిట్టకథ తీసేస్తే అసలు కథలో ఏదో వెలితి పడాలి. పడకపోతే అది కాలక్షేపం. ఇంటర్నెట్లో దొరికిన జోకుతో ప్రెజెంటేషన్ మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష పెట్టండి.

బుర్రకథలో ఇంకో కిటుకు ఉంది. కథకుడికి ఇరువైపులా వంతలు ఉంటారు. ఒకరు హాస్యం పండిస్తారు, ఇంకొకరు లోకవ్యవహారం ఎత్తుతారు. ఇద్దరూ మధ్యమధ్య ప్రశ్నలు వేస్తారు. అవి జనం మనసులో ఉన్న ప్రశ్నలే. మనకు వంతలు లేరు కాబట్టి ఆ పని మనమే చేయాలి. "ఇది వింటే మీకు ఒక అనుమానం రావచ్చు: ఇంత ఖర్చు అవసరమా?" అని మీరే అడిగి మీరే జవాబు చెప్పండి. వినేవారు తమ పక్షాన ఒకరు వేదిక మీద ఉన్నట్టు భావిస్తారు.

గొంతు, వేగం, విరామం

తెలుగులో మాటలోని అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక అక్షరాన్ని బలంగా పలికి మిగతావి తేలిగ్గా వదిలేస్తారు. "డెవలప్" అన్న మాటలో బలం "వె" మీద పడుతుంది. మనం మూడింటినీ సమానంగా, అదీ వేగంగా పలికితే వినేవారికి మాటను పట్టుకోవడం కష్టమవుతుంది. యాస మార్చుకోవలసిన పని లేదు. మీ ప్రెజెంటేషన్‌లో పదే పదే వచ్చే పది పన్నెండు కీలకమైన మాటలు రాసుకుని, ఒక్కొక్కదానిలో బలం ఎక్కడ పడుతుందో నిఘంటువులో విని సాధన చేస్తే చాలు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. అమ్మానాన్నలకు పాఠం చెప్పే అవకాశం వస్తే వాళ్లు ఎగిరి గంతేస్తారు.

ముఖ్యమైన మాట చెప్పే ముందు ఒక క్షణం, చెప్పాక రెండు క్షణాలు ఆగండి. మాట్లాడేవారికి ఆ మౌనం యుగంలా అనిపిస్తుంది. వినేవారికి అది మాట లోపలికి దిగే సమయం.

ప్రశ్నలు వచ్చినప్పుడు

తెలుగువాడికి ప్రశ్నలను ఎదుర్కోవడం నేర్పిన గొప్ప బడి అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాలుగా అవధానిని పరీక్షిస్తారు. వారిలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని అవధాని ఏకాగ్రతను చెడగొట్టడం. పద్యం మధ్యలో ఉండగా వంకాయ కూర గురించి అడుగుతారు. అవధాని కోప్పడరు, పట్టించుకోకుండా ఊరుకోరు. చిరునవ్వుతో చిన్న జవాబు చెప్పి, వదిలిన పద్యపాదం దగ్గరికి తిరిగి వస్తారు. తిరుపతి వెంకట కవులు ఈ కళను ఊరూరా తిప్పి జనం మధ్యకు తెచ్చారు. ఈ దేశంలో తెలుగు సభల్లో కూడా అవధానాలు చూసే భాగ్యం మనకు కలుగుతోంది.

ఆఫీసు మీటింగులోనూ ఒక అప్రస్తుత ప్రసంగి తప్పకుండా ఉంటారు. ఆయనకు గౌరవంగా ఒక వాక్యంలో జవాబు చెప్పి, "దీని గురించి మీటింగు తర్వాత వివరంగా మాట్లాడుకుందాం" అని అసలు దారిలోకి రావాలి. కష్టమైన ప్రశ్న వస్తే ముందు దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. సరిగ్గా అర్థం చేసుకున్నామో లేదో తేలుతుంది, ఆలోచించడానికి రెండు క్షణాలు దొరుకుతాయి. జవాబును కూడా అసలు మాటతో మొదలుపెట్టి, తర్వాత కారణం చెప్పండి. తెలియకపోతే "తెలియదు, శుక్రవారం లోపల కనుక్కుని చెబుతాను" అని చెప్పి, శుక్రవారం లోపల చెప్పండి.

అవధానం చివర ధారణ ఉంటుంది. పూరించిన పద్యాలన్నీ అవధాని వరసగా అప్పజెబుతారు. ప్రశ్నోత్తరాలు అయ్యాక మీరు కూడా ఒక అర నిమిషం ధారణ చేయండి: "మీరు అడిగినవి మూడు. వాటికి జవాబులు ఇవీ. మేము కోరుతున్నది ఇదీ." చివరి ప్రశ్న ఎంత పక్కదారి పట్టినా, జనం ఇంటికి తీసుకువెళ్లేది మీ చివరి మాటే.

సాధన ఎలా?

స్లయిడ్లను పదిసార్లు చూసుకోవడం సాధన కాదు. స్లయిడ్లు మూసి, నిలబడి, గొంతెత్తి చెప్పడం సాధన. చదివిందే మళ్లీ చదవడం కన్నా చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వల్ల విషయం ఎక్కువ కాలం నిలుస్తుందని మనోవైజ్ఞానికుల పరిశోధనల్లో తేలింది. వేదపాఠశాలల్లో వల్లె వేయించే గురువులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అయితే ప్రసంగం మొత్తం బట్టీ పట్టవద్దు, ఒక్క మాట మరిచిపోతే గొలుసంతా తెగుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం కంఠస్థం చేయండి. మధ్యలో మజిలీలు గుర్తుంటే చాలు.

ఫోన్‌లో వీడియో తీసుకుని మూడుసార్లు చూడండి. ఒకసారి శబ్దం ఆపి చేతులు, ముఖం చూడండి. ఒకసారి ఫోన్ బోర్లా పెట్టి గొంతు మాత్రమే వినండి. మూడోసారి రెండూ కలిపి చూడండి.

క్రమం తప్పకుండా సాధన కావాలంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులున్నాయి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ ఇది. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో సమయం చూపిస్తారు. "ఆఁ", "ఊఁ" ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టేవారొకరు, ప్రసంగం ఎలా ఉందో విశ్లేషించేవారొకరు ఉంటారు. "చాలా బాగుంది" అని భుజం తట్టేవారు మనకు చాలామంది. ఎక్కడ బాగాలేదో ప్రేమగా చెప్పేవారు అక్కడ దొరుకుతారు.

ఎంత అనుభవం వచ్చినా గుండె దడ పూర్తిగా పోదు. దాన్ని అణచడానికి ప్రయత్నించేకన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అని తమకు తాము చెప్పుకున్నవారు మెరుగ్గా మాట్లాడారని హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. ఇంకో ఊరట కూడా ఉంది. మన కంగారు మనం అనుకున్నంతగా ఎదుటివారికి కనిపించదు.

ఇంటిల్లిపాదికీ ఒక ఆట

ఈ మూడు నెలల్లో వారానికి ఒకరోజు, రాత్రి భోజనం అయ్యాక, ఇంట్లో ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడండి. ఫోన్‌లో టైమర్ పెట్టండి. విషయం ఏదైనా సరే: పాప సైన్స్ ప్రాజెక్టు, బాబు కొనమంటున్న సైకిల్, నాన్నగారి ఆఫీసు సమస్య, అమ్మమ్మగారి ఆవకాయ పాళ్లు. వినేవారు రెండే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. "నన్ను ఏం చేయమన్నారు?" "ఏ ఒక్క సంగతి గుర్తుండిపోయింది?" మాట్లాడినవారు అనుకున్నదీ, విన్నవారు చెప్పిందీ ఒకటైతే ఆ వారం గెలిచినట్టు.

ఇంగ్లీషులో గడగడా మాట్లాడే మనవడు తెలుగులో మూడు నిమిషాలు, తెలుగులో ధారాళంగా మాట్లాడే తాతగారు ఇంగ్లీషులో మూడు నిమిషాలు ప్రయత్నిస్తే ఇంకా సరదాగా ఉంటుంది. తాతగారికి వాక్యం మధ్యలో మాట అందకపోతే మనవడు అందిస్తాడు. మనవడికి తెలుగు మాట దొరక్కపోతే తాతగారు అందిస్తారు.

రేపు గుడి తరఫున ఎవరో ఒకరు మైకు ముందు నిలబడవలసి వస్తుంది. ఆ రోజు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, "నేను చెబుతానండీ" అని లేచేవారు ప్రతి ఇంట్లో ఒకరు తయారుగా ఉండాలని కోరుకుందాం.